స్పర్శ చెప్పు సాక్ష్యము

(తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమావేశమున విజ్ఞానశాస్త్రమునకు సంబంధించిన విషయమొకటి చెప్పవలెనని కార్యదర్శిగారు మమ్ము కోరినారు. మేము ఎన్నుకొన్న విషయము కొందరికి వింతగా తోచవచ్చును. ఒకరి చర్మము మరొకరికి సోకినపుడు, లేక ఒక వస్తువునకు సోకినపుడు, అచ్చట చేరెడి డి.ఎన్.ఏ.ను గూర్చియు, నేరపరిశోధనయందు దాని విలువను గూర్చియు నేడు మనవి చేయదలచితిమి. పోలీసువారికిని న్యాయవాదులకును చెందిన ఈ విషయము మనకేల యని మీరు అడుగవచ్చును. దానికి మేము చెప్పు కారణములు రెండు. మొదటిది, మన పిల్లలు ప్రతిదినము టెలివిజనునందును సెల్‌ఫోనునందును నేరపరిశోధన కథలు చూచుచున్నారు. “డి.ఎన్.ఏ. దొరికినది, కావున దొంగ దొరికినాడు” అని తరగతిలో మాతోనే వాదించుచున్నారు. రెండవది, మా పాఠశాలలోనే జరిగిన ఒక చిన్న సంఘటన. అది మాకు తలవంపులు తెచ్చినది, బుద్ధియు చెప్పినది. దానిని చివర విన్నవించెదము.

ముందుగా మనకందరకు తెలిసిన ఒక సామెతతో ఆరంభింతము. గుమ్మడికాయల దొంగ ఎవరనిన భుజములు తడుముకొన్నాడట! ఈ సామెతను మనము నిత్యము వాడుచుందుము గాని, అతడు భుజములే యేల తడుముకొనవలెనో ఆలోచింపము. బూడిద గుమ్మడికాయపై తెల్లని పొడి యుండును. కాయను భుజముపై మోసినవానికి ఆ పొడి అంటుకొనును. తన భుజముపై గురుతు మిగిలినదేమోయని దొంగ జంకెను. ఒక వస్తువు మరొక వస్తువును తాకినపుడు దీని అంశము దానికిని, దాని అంశము దీనికిని చేరును. ఇదియే నేరపరిశోధన శాస్త్రమునకు మూలసూత్రము. ఫ్రాన్సుదేశమున లియాన్ నగరములో 1910లో పోలీసు ప్రయోగశాలను నెలకొల్పిన ఎడ్మండ్ లొకార్ అను శాస్త్రజ్ఞుని పేర ఈ సూత్రము లోకమున ప్రసిద్ధికెక్కినది. మన పల్లెలయందు గుమ్మడిపాదు పెట్టిన ముసలమ్మకు కూడ ఈ సంగతి తెలియునని సామెత చెప్పుచున్నది.

అయితే ఆ సామెతయందు ఒక లోపము గలదు. పొలము నుండి సంతకు కాయలు మోసిన కూలివాని భుజముపైనను ఆ పొడియే యుండును. ఆ కూలివాని భుజముపై చేయివేసి పలుకరించిన మిత్రుని అరచేతికిని అదియే అంటును. ఏ తప్పు చేయకున్నను నలుగురు చూచుచున్నారను భయముతో భుజము తడుముకొనువారును ఉందురు. పొడి యున్నదనుట ఒక మాట. అది ఎట్లు వచ్చినదనుట మరొక మాట. నేటి మా ప్రసంగసారమంతయు ఈ రెండు మాటల నడుమనున్న దూరమే.

ఇక డి.ఎన్.ఏ. సంగతి. మన శరీరము కోటానుకోట్ల కణములతో నిర్మితమైనది. ఎఱ్ఱ రక్తకణములవంటి కొన్నిటిని మినహాయించిన, ప్రతి కణము నడుమను కేంద్రకము గలదు. దానియందు మెలివేసిన నిచ్చెనవలె డి.ఎన్.ఏ. యుండును. ఏ ఇద్దరిని పోల్చినను అందులో నూటికి 99.9 వంతులు సమానమే. మిగిలిన స్వల్పభాగమందే భేదములు గలవు. కొన్ని స్థానములయందు చిన్న చిన్న అక్షరసమూహములు మరల మరల వచ్చుచుండును. ఒకరికి ఒకచోట పది పర్యాయములు వచ్చిన, మరొకరికి పదునాలుగు పర్యాయములు రావచ్చును. ఇట్టి స్థానములను ఇరువదింటిని, అంతకు మించియు, లెక్కించి ప్రయోగశాలవారు ఒక పట్టిక సిద్ధము చేయుదురు. ఏకరూప కవలలను విడిచినచో, సంపూర్ణముగా వచ్చిన పట్టిక ఇద్దరికి సరిపోవుట అత్యంత దుర్లభము. ఇంగ్లండునందలి లెస్టర్ విశ్వవిద్యాలయమున అలెక్ జెఫ్రీస్ అను ఆచార్యుడు 1984లో డి.ఎన్.ఏ.ను బట్టి మనుష్యులను గుర్తించు మార్గమును తొలుత కనుగొనెను.

ఈ విద్య తొలిసారిగా ఒక హత్యాపరిశోధనలో చేసిన మేలు యేమియో తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలెను. 1986లో ఇంగ్లండులోని లెస్టర్ ప్రాంతమున ఒక బాలిక హత్య విషయమై పదునేడేండ్ల కుఱ్ఱవానిని పట్టుకొనిరి. అతడు నేరము ఒప్పుకొనెను కూడ. కాని జెఫ్రీస్ పరీక్షించి చూడగా అచ్చట దొరికిన డి.ఎన్.ఏ. ఆ బాలునిది కాదని తేలెను. బాలుడు విడుదలయ్యెను. అసలు నేరస్థుడు పిమ్మట పట్టుబడి 1988లో శిక్ష పొందెను. కావున హత్యాపరిశోధనలో ఈ శాస్త్రము మొట్టమొదట చేసిన పని ఒక నిరపరాధిని కాపాడుట. మేము ఈ శాస్త్రమును కించపఱచుటకు రాలేదు. దాని గౌరవము నిలుచుట ఎట్లో చెప్పుటకే వచ్చితిమి.

మన దేశమున ఈ విద్యను నెలకొల్పిన కీర్తి హైదరాబాదు నగరమునకు చెందినది. అచ్చటి కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునందు డాక్టర్ లాల్జీసింగ్ గారు స్వదేశీయమైన పద్ధతిని రూపొందించిరి. పట్టెల పాము డి.ఎన్.ఏ. నుండి గ్రహించిన ఒక భాగమును వారు సాధనముగా చేసికొనిరి. పసుపు, నలుపు పట్టెలుగల ఆ పామునకు శాస్త్రనామము బంగారస్. అది మన తెలుగుమాట ‘బంగారు’ నుండియే పుట్టినది. కోరమాండల్ తీరమందలి పాములను పరిశీలించి 1796లో గ్రంథము ప్రకటించిన పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశీయ వైద్యుడు తెలుగువారు పలికిన పేరును విని వ్రాసికొనెను. లాల్జీసింగ్ గారి పద్ధతి 1989 ప్రాంతమున కేరళములోని తలశ్శేరి న్యాయస్థానమున ఒక పితృత్వ వివాదమును తీర్చుటకు ఉపయోగపడెను. మన చెన్నైకి సమీపమునందే, శ్రీపెరుంబుదూరులో, 1991 మే 21వ తేదీన జరిగిన రాజీవ్ గాంధీ హత్య పరిశోధనయందును వినియోగమయ్యెను. తరువాత హైదరాబాదులో ఈ పనికే ప్రత్యేకముగా డి.ఎన్.ఏ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రము ఏర్పడెను. లాల్జీసింగ్ గారు 2017లో పరమపదించిరి.

మన చెన్నపట్టణమునకును ఈ చరిత్రలో పెద్ద పాలే కలదు. విషపరీక్షలు మొదలగు వానికై దేశమున తొట్టతొలి రసాయన పరీక్షకుని ప్రయోగశాల 1849లో మద్రాసునందే వెలసినది. నేడు మైలాపూరున, సముద్రతీరమును ఆనుకొనియున్న కామరాజర్ సాలైలో, తమిళనాడు ఫోరెన్సిక్ శాస్త్రశాఖ పనిచేయుచున్నది. మెరీనా తీరమునకు పిల్లలను తీసికొనిపోవు తల్లిదండ్రులు ఆ దారిని ఎన్నోసార్లు నడచియుందురు.

తొలినాళ్లలో డి.ఎన్.ఏ. పరీక్షకు రక్తపుమరకవంటి కంటికి కనిపించు ఆధారము కావలసివచ్చెడిది. అటుపిమ్మట పి.సి.ఆర్. అను ప్రక్రియ వచ్చినది. దీనిని 1983లో కనుగొన్న కేరీ మల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమానము లభించెను. ఈ ప్రక్రియయందు డి.ఎన్.ఏ. తునుక ఒకటి రెండగును, రెండు నాలుగగును. లెక్కప్రకారము ముప్పది పర్యాయములు ఇట్లు జరిగినచో ఒకటి నూరు కోట్లకు మించును. ఒక కణమునందలి డి.ఎన్.ఏ. బరువు సుమారు ఆరు పికోగ్రాములు. పికోగ్రాము అనగా గ్రాములో లక్షకోట్లవ వంతు. కొలది కణములంత డి.ఎన్.ఏ. యున్నను చదువుటకు ప్రయత్నింపవచ్చునన్నమాట.

1997లో ఆస్ట్రేలియాదేశమున వాన్ ఊర్షాట్, జోన్స్ అను శాస్త్రజ్ఞులు ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసము ప్రకటించిరి. ఊరక చేతితో పట్టుకొన్న వస్తువుల నుండి కూడ పట్టుకొన్నవాని డి.ఎన్.ఏ. తీయవచ్చునని అందులో చూపిరి. అదే వ్యాసమున మరొక హెచ్చరికయు గలదు. కరచాలనము చేసినపుడు ఒకరి డి.ఎన్.ఏ. రెండవవారి చేతికి చేరుననియు, వస్తువును పట్టుకొన్నపుడు దానిపై నున్నది చేతికి రావచ్చుననియు వారు అప్పుడే చెప్పిరి. లోకము మొదటి మాటను ఉత్సాహముతో గ్రహించినది. రెండవ మాటను గ్రహించుటకు చాల కాలము పట్టినది.

చర్మము పైపొరయందలి కణములు చాలవఱకు ఎండి, కేంద్రకమును కోల్పోయినవియే. అట్లైన స్పర్శవలన డి.ఎన్.ఏ. ఎక్కడిదని పిల్లలు అడిగిన మంచి ప్రశ్నయే. చెమటయందు తేలియాడు డి.ఎన్.ఏ. తునుకలు కొన్ని, కేంద్రకము మిగిలియున్న కణములు కొన్ని, కన్ను, ముక్కు, నోరు తుడుచుకొన్నపుడు చేతికి అంటినవి కొన్ని. కొందరి చేతినుండి ఎక్కువగాను, కొందరి చేతినుండి తక్కువగాను రాలును. ఒకే మనిషి యందైనను, చేతులు కడుగుకొన్న వెంటనే తక్కువగాను, తరువాత ఎక్కువగాను ఉండవచ్చును. నున్నని గాజుకంటె గరుకైన బట్ట, చెక్క ఎక్కువగా నిలుపుకొనును. తడి, ఒత్తిడి, రాపిడి యున్నచో ఎక్కువగా బదిలీ యగును. కావున ఒక గంట పట్టుకొన్నవాని జాడ లేకుండుటయు, ఒక్క క్షణము తాకినవాని జాడ నిలిచియుండుటయు రెండును సంభవమే.

ఈ బదిలీని మన ఇంటి దృష్టాంతముతో చెప్పెదము. శ్రావణమాసమున వరలక్ష్మీ వ్రతమునాడు తల్లి పేరంటమునకు వెళ్లును. అచ్చటి ముత్తైదువ ఆమె పాదములకు పసుపు రాయును. వాయనము పుచ్చుకొనునపుడు ముత్తైదువ చేతిపసుపు తల్లి చేతికి అంటును. ఇంటికి వచ్చి తల్లి బిడ్డను దగ్గరకు తీసికొనిన, బిడ్డ చొక్కాకు పసుపు అంటును. మరునాడు బిడ్డ ఆ చొక్కాతోనే బడికి వచ్చి బల్లకు ఆనుకొని కూర్చుండును. బల్లపై పసుపు మరక కనబడును. ఆ పసుపు ఎవరి ఇంటిదని అడిగిన, పేరంటము చేసిన ముత్తైదువ ఇంటిదనుటయే సత్యము. కాని ఆ ముత్తైదువ మా బడికి వచ్చి బల్లపై కూర్చున్నదా? ఆమె మా బడి గడపనైన తొక్కలేదు. పసుపు కంటికి కనబడును గనుక అది నడచిన దారిని ఊహింపగలము. డి.ఎన్.ఏ. కంటికి కనబడదు. అందుచేతనే చిక్కు.

ఈ చిక్కును అమెరికాలోని ఇండియానాపొలిస్ విశ్వవిద్యాలయమువారు ప్రయోగముచేసి చూచిరి. ఇద్దరు రెండు నిమిషములపాటు చేయి చేయి కలిపి యుంచవలెను. పిమ్మట ఒక్కొక్కరు ఒక్కొక్క కత్తిని పట్టుకొనవలెను. 2016లో ముద్రితమైన ఫలితము ప్రకారము, నూటికి 85 పర్యాయములు, కత్తిని తాకని మనుష్యుని డి.ఎన్.ఏ. కూడ కత్తిపై కనబడెను. ఐదింట ఒక వంతు నమూనాలలో కత్తిని తాకనివాడే ప్రధానముగా, లేక అతడొక్కడే, కనబడెను! రెండు నిమిషముల కరచాలనము లోకములో ఎవరును చేయరు. కావున ఈ అంకెలు నిత్యజీవితమునకు యథాతథముగా అన్వయింపవు. అయినను ఇట్టిది సంభవమని మాత్రము నిస్సందేహముగా తెలిసినది.

ప్రయోగశాలలో జరిగినది లోకమునను జరిగినది. 2012 నవంబరులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మాంటె సెరెనో అను ఊరిలో, దొంగలు ఒక ధనికుని ఇంటిలో చొరబడగా ఆ గృహస్థు మరణించెను. మృతుని గోళ్లక్రింద ఒక నిరాశ్రయుని డి.ఎన్.ఏ. దొరికెను. ఆ పేదవానిపై హత్యానేరము మోపిరి. అది మరణశిక్షకు తగిన నేరము. మద్యపానమునకు బానిసయైన ఆ మనుష్యునికి ఆ రాత్రి తానెక్కడ నున్నదియు జ్ఞాపకము లేదు. నేను చేసియుండనని గట్టిగా చెప్పుటకైన అతనికి ధైర్యము చాలలేదు. అతని పక్షమున నియమితులైన న్యాయవాదులు వైద్యశాల చిట్టాలు వెదకిరి. హత్యజరిగిన సమయమున అతడు త్రాగి స్పృహలేక వైద్యశాలలో పడియుండెనని తెలిసెను. అట్లైన అతని డి.ఎన్.ఏ. మృతుని గోళ్లక్రిందికి ఎట్లు పోయెను? అతనిని వైద్యశాలకు చేర్చిన అంబులెన్సు ఉద్యోగులిద్దరే కొన్ని గంటల పిమ్మట ఆ ధనికుని ఇంటికిని వెళ్లిరి. నాడి, ప్రాణవాయువు కొలుచుటకు వేలికి తగిలించెడి చిన్న ఉపకరణము ఇతని వ్రేలి నుండి ఆ వ్రేలికి పోయినది. దానివలననో, వారి చేతులు దుస్తులవలననో, అది చేరియుండునని అధికారులే అంగీకరించిరి. అప్పటికి ఆ పేదవాడు సుమారు ఐదు మాసములు కారాగారమున గడపెను. చిట్టాయందు ఆ ఒక్క పంక్తి లేకుండినచో అతని గతి యేమి?

ఇంకొక ఉదాహరణ జర్మనీదేశమునకు చెందినది. 2007లో హైల్‌బ్రాన్ నగరమున ఒక మహిళా పోలీసు అధికారి హత్యకు గురియయ్యెను. అచ్చట ఒక స్త్రీ డి.ఎన్.ఏ. దొరికెను. అదే డి.ఎన్.ఏ. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సు దేశములయందు, 1993 నాటి హత్య మొదలుకొని సుమారు నలువది నేరస్థలములలో కనబడెను. ఒకచోట హత్య, మరొకచోట చిల్లర దొంగతనము. ఆమెకై మూడు లక్షల యూరోల బహుమానము ప్రకటించిరి. 2009 మార్చిలో సత్యము బయటపడినది. అట్టి స్త్రీయే లేదు! నమూనాలు తీయుటకు వాడిన దూదిపుల్లలను తయారుచేయు చోట పనిచేసిన ఒక నిరపరాధియగు స్త్రీ డి.ఎన్.ఏ. ఆ పుల్లలకే అంటియుండెను. పుల్లలను క్రిమిరహితము చేసిన మాట నిజమే. కాని క్రిములను చంపుట వేరు, డి.ఎన్.ఏ.ను తొలగించుట వేరు. దీని పిమ్మట, ఇట్టి వస్తువులు మానవ డి.ఎన్.ఏ. లేకుండ తయారు కావలెనని 2016లో ఐ.ఎస్.ఓ. 18385 అను అంతర్జాతీయ ప్రమాణము వెలువడెను.

ఇవి పరదేశముల కథలని మనము నిశ్చింతగా నుండరాదు. మన తమిళనాడునందే, తేని జిల్లాలో, 2011లో జరిగిన జంటహత్యల కేసు విషయము వినుడు. ఒకనికి క్రింది న్యాయస్థానము మరణశిక్ష విధించెను. ఉన్నత న్యాయస్థానము దానిని స్థిరపఱచెను. 2025 జూలై 15వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము అతనిని నిర్దోషిగా విడుదల చేసెను. ఆ కేసులోని డి.ఎన్.ఏ. చర్మస్పర్శవలన వచ్చినది కాదు. అయినను నమూనాలు ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయెనో, ఎక్కడ ఎంతకాలము ఉండెనో సరియైన లెక్క లేనందున ఆ నివేదికను న్యాయమూర్తులు నమ్మజాలకపోయిరి. ఇందువలన నష్టము ఒక్క నిందితునికే కాదు. మరణించిన ఆ యువతీయువకుల తల్లిదండ్రులకు, పదునాలుగు సంవత్సరముల పిమ్మటకూడ, తమ బిడ్డలకు ఆ గతి పట్టించినదెవరో తెలియకపోయెను. అజాగ్రత్త ఇరువైపులను ఇట్లు కోయును.

ఆ తీర్పునందే దేశమునకంతకు వర్తించు నియమములను న్యాయస్థానము విధించినది. నమూనాను తగిన జాగ్రత్తతో సేకరించి, వెంటనే కట్టి, కేసు వివరములు వ్రాయవలెను. వైద్యుడు, దర్యాప్తు అధికారి, స్వతంత్ర సాక్షులు సంతకములు చేయవలెను. నమూనా 48 గంటలలో ప్రయోగశాలకు చేరునట్లు దర్యాప్తు అధికారి చూడవలెను. ఆలస్యమైనచో కారణము వ్రాయవలెను. విచారణ సాగుచుండగా న్యాయస్థానము అనుమతి లేక ఏ పొట్లమును విప్పరాదు, మరల ముద్రవేయరాదు. సేకరణ మొదలు తీర్పు వఱకు ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదియు ఒక రిజిస్టరున నమోదుచేయవలెను. ఇవి చదివినపుడు మాకు మన ఇండ్లలోని పెద్దల పద్దుపుస్తకములు జ్ఞప్తికి వచ్చినవి. ఇచ్చినదెవరు, పుచ్చుకొన్నదెవరు, ఏ దినమున అను మూడు సంగతులు లేని పద్దును వారు చెల్లనిచ్చెడివారు కారు.

చట్టము కూడ మారినది. 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, ఏడేండ్లు లేక అంతకు మించిన శిక్షగల నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు స్వయముగా సంఘటనాస్థలమునకు పోవలెను. దీనిని అమలు పఱచుటకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువు కలదు. నిపుణుడు వచ్చుట అవసరమే. ఏలయన, వచ్చినవారెల్లరు అచ్చట ఏదో ఒకటి విడిచిపోవుదురు. చేతితొడుగులు వేసికొన్నంతమాత్రమున చాలదు. ఒక వస్తువును ముట్టిన తొడుగుతోనే రెండవ వస్తువును ముట్టినచో, తొడుగే వాహకమగును. కావున తొడుగులను మాటిమాటికి మార్చవలెను. ముఖమునకు గుడ్డ కట్టవలెను. తడిగానున్న దానిని ఆరనిచ్చి, ఒక్కొక్కటి వేరువేరు కాగితపు సంచులలో ఉంచవలెను. ప్లాస్టిక్కు సంచిలో తేమ నిలిచి, నమూనా పాడగును.

అట్లైన ఈ సాక్ష్యమును నమ్మవలెనా, వలదా? నమ్మవలెను, కాని అది చెప్పగలిగినంతవఱకే నమ్మవలెను. ఈ డి.ఎన్.ఏ. ఎవరిది అను ప్రశ్నకు ప్రయోగశాల సమర్థముగా సమాధానము చెప్పగలదు. ఇద్దరు ముగ్గురిది కలిసియున్నపుడును, అత్యల్పముగా నున్నపుడును ఆ సమాధానముకూడ బలహీనమగును. ఎట్లు వచ్చినది? ఎప్పుడు వచ్చినది? తాను తాకినందున వచ్చినదా, మరొకరు మోసికొని వచ్చిరా? ఈ ప్రశ్నలకు పట్టిక ఒక్కటియే సమాధానము చెప్పజాలదు. మన చట్టమునందు ఇది నిపుణుని అభిప్రాయము మాత్రమే. తక్కిన సాక్ష్యముతో కలిపి తూచవలసినది. అట్లే డి.ఎన్.ఏ. దొరకనంత మాత్రమున నేరము జరుగలేదని చెప్పుటయు తగదు. ముందే చెప్పినట్లు, తాకిన ప్రతివాని జాడయు నిలిచియుండదు గదా.

ఇక మా పాఠశాల సంగతి. పోయిన సంవత్సరము ఒక బాలుని జామెట్రీ పెట్టె కనబడకపోయెను. క్రొత్తది, మేనమామ పుట్టినరోజునకు కొనియిచ్చినది. వెదకగా మరొక బాలుని బల్ల సొరుగులో దొరికెను. తరగతియంతయు “దొంగ, దొంగ” అని కేకలు వేసినది. ఆ బాలుడు నోరు విప్పలేదు; తలవంచుకొని నిలిచెను. అతని మౌనమునే మేము ఒప్పుకోలుగా భావించితిమి. గుమ్మడికాయల సామెతను తరగతిలో పలికినది మేమే. మరునాడును, ఆ మరునాడును బాలుడు బడికి రాలేదు. మూడవనాడు అతని తల్లి వచ్చెను. నాలుగిండ్లలో పనిచేసి బిడ్డను చదివించుకొను ఇల్లాలు. ఆమె కోపపడలేదు. ఆమె అన్న మాట ఇది: “పెట్టె మావాడి సొరుగులో ఉన్నమాట నిజమే సార్. అది ఎట్లా వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు.”

అప్పుడు మేము అడిగితిమి. ముందటిదినము సాయంకాలము పరీక్షకై బల్లలన్నియు హాలునకు మోయించి, మరల తెచ్చి వేయించితిమి. బల్లలు ఒకదాని స్థానమున మరొకటి పడినవి. పెట్టె పోగొట్టుకొన్న బాలుని బల్లయే రెండవ బాలుని చోటునకు వచ్చినది. పెట్టె కదలనే లేదు, బల్ల కదలినది. బల్లలు మోయించినది మేమే. విచారింపక నిందించినదియు మేమే. ఆ సాయంకాలము మేము ఆ బాలుని ఇంటికి పోయి, అతనిని, అతని తల్లిని క్షమాపణ కోరితిమి. మరునాడు ప్రార్థనాసమయమున అందరి యెదుటను ఆ తప్పు మాదేనని చెప్పితిమి. ఆ బాలుడు ఇప్పుడు మామూలుగా బడికి వచ్చుచున్నాడు. కాని తన వస్తువులు కాని వాని జోలికి పోవుటకు నేటికిని జంకుచున్నాడు. తోటివాడు రబ్బరు ఇచ్చినను పుచ్చుకొనడు. అది చూచినపుడెల్ల మా మనస్సు కలుక్కుమనును.

లక్షలు విలువచేయు యంత్రములు, గొప్ప శాస్త్రజ్ఞులు ఉన్నచోటనే ‘ఎట్లు వచ్చినది’ అను ప్రశ్నను మరచి ఒక పేదవానిని ఐదు మాసములు చెఱలో ఉంచిరి. మేము ఒక తరగతి గదిలో రెండు దినములు ఒక బిడ్డను అట్లే ఉంచితిమి. రెండుచోట్లను జరిగిన పొరపాటు ఒక్కటే. రెండుచోట్లను దానికి గురియైనవాడు తన పక్షమున మాటాడుకొనుటకు శక్తిలేనివాడు.

తల్లిదండ్రులారా, మీకు మా విన్నపము ఇదియే. మీ బిడ్డ ఇంటికి వచ్చి “ఫలానివాడు దొంగ” అని చెప్పినపుడు, “నీవు చూచినది ఏమి? నీవు ఊహించినది ఏమి?” అని వేరువేరుగా అడుగుడు. ఇంటిలో ఏదేని పోయినపుడు పనిమనిషి వైపు చూచుటకు ముందు, ఆ వస్తువు ఏయే చేతులు మారినదో ఒక్కమారు తలచుకొనుడు. టెలివిజనులో పరిశోధకుడు డి.ఎన్.ఏ. దొరికినదని ప్రకటించినపుడు, పిల్లల ప్రక్కన కూర్చుండి “అది ఎట్లు వచ్చియుండును?” అని ప్రశ్నింపుడు. శాస్త్రము చదువుటయనగా పేర్లు, సంవత్సరములు వల్లెవేయుట కాదు. తెలిసినదానిని తెలిసినంతవఱకే చెప్పుట నేర్చుకొనుట. మన బిడ్డలలో కొందరు రేపు వైద్యులు, పోలీసు అధికారులు, న్యాయవాదులు, ప్రయోగశాల నిపుణులు కావచ్చును. వారి చేతికి ఒక నమూనా వచ్చునాటికి ఈ అలవాటు వారికి అబ్బియుండవలెను.

మన చేతులు తాకినచోటనెల్ల మన అంశము కొంత విడిచి వచ్చుచున్నాము. మాటయు అట్టిదే. ఒక బిడ్డపై పడిన నింద ఏ దూదిపుల్లకును అందదు; ఏ పరీక్షకును తేలదు; అయినను చెరిగిపోదు. కావున చేతులకంటె ముందు మాటకు తొడుగు వేసికొందుము గాక.